కారు సస్పెన్షన్ ఆర్మ్‌లో కొత్త బాల్ జాయింట్ ఎక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు చక్రాల దగ్గర టక్ టక్‌మని మోత వస్తోందంటూ విజయనగరంలోని మా షెడ్డుకు వచ్చే కార్లలో చాలావాటికి చివరికి తేలేది లోయర్ ఆర్మ్ బాల్ జాయింటే. బండి ఇచ్చి వెళ్లేవారు, పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు, పక్క ఊళ్ల నుంచి ఆర్మ్ ఒక్కటీ విప్పి సంచిలో పట్టుకొచ్చే మెకానిక్‌లు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ప్రెస్‌తో ఎక్కించే జాయింట్ల గురించి ఎక్కువగా రాశాను, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

బాల్ జాయింట్ చేసే పని ఏమిటి?

చక్రాన్ని మోసే నకిల్ ఒకవైపు, చట్రానికి బుష్‌ల (రబ్బరు తొడుగుల) మీద ఊగే ఆర్మ్ మరోవైపు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేది బాల్ జాయింట్. గుంత వస్తే చక్రం పైకీ కిందికీ కదలాలి, స్టీరింగ్ తిప్పితే పక్కలకూ తిరగాలి. ఈ రెండు కదలికలకూ ఒకేచోట వీలు కల్పించడానికి ఉక్కు గుండును ఉక్కు గిన్నెలో కూర్చోబెట్టి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పొర వేసి, గ్రీజు పెట్టి, పైన రబ్బరు బూటు తొడుగుతారు. తొడ ఎముక తల తుంటి గిన్నెలో కూర్చునే తీరు కూడా ఇదే. గుండు నుంచి బయటికి వచ్చే కాడ నకిల్‌లో బిగుస్తుంది, గిన్నె ఒళ్లు ఆర్మ్ కన్నంలో బిగుస్తుంది.

అది పాడైందని ఎలా తెలుసుకోవాలి?

మోత ఒక్కటే ఆనవాలు కాదు. స్టెబిలైజర్ లింకు అరిగినా, ఆర్మ్ బుష్ చిరిగినా, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన కడ్డీ) పై మౌంటు పాడైనా చెవికి దాదాపు ఇలాగే వినిపిస్తుంది. అందుకే పార్టు కొనడానికి ముందు పరీక్ష చేయాలి. వరసగా చేస్తే దానికి పావుగంట చాలు.

బండిని చదునైన నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం గాలిలోకి లేచేలా జాకీ ఎత్తి, స్టాండు మీద నిలపాలి. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కార్లకు చట్రం కింద ఆన్చి చక్రాన్ని వేలాడనివ్వాలి. పైనా కిందా రెండు ఆర్మ్‌లు ఉండి స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బళ్లకు మాత్రం జాకీని ఆ కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. లేకపోతే స్ప్రింగు బలం జాయింటును నొక్కిపట్టి, ఉన్న ఆటను, అంటే వదులు కదలికను, దాచేస్తుంది. ఆ తరువాత గడియారంలో 12, 6 అంకెలుండే చోట చక్రాన్ని పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. అదే సమయంలో మరొకరు ఆర్మ్‌కూ నకిల్‌కూ మధ్య వేలు ఆనించి ఉంచితే, కంటికి కనిపించని ఆట కూడా వేలికి తెలుస్తుంది. ఇంకొకరు బ్రేకు నొక్కి ఉంచినప్పుడు ఆ ఆట మాయమైతే తప్పు వీల్ బేరింగ్‌ది, బ్రేకు నొక్కినా ఉంటే అనుమానించాల్సింది బాల్ జాయింటును. 3, 9 అంకెల చోట పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట వస్తే స్టీరింగ్ టై రాడ్ ఎండు వైపు చూడాలి.

చివరగా టార్చి లైటుతో రబ్బరు బూటును చుట్టూ చూడాలి. బూటు చిరిగి గ్రీజు బయటికి వచ్చి, దాని మీద ఎర్రమట్టి పేరుకుని ఉంటే, ఆట ఇంకా లేకపోయినా ఆ జాయింట్ రోజులు లెక్కపెట్టుకుంటోందని అర్థం.

మన ప్రాంతంలో ఇవి తొందరగా పోతాయంటారు, నిజమేనా?

గుంతల దెబ్బ జాయింటును కొంత అరగదీస్తుంది, కానీ దాన్ని నిజంగా చంపేది నీరు. బూటుకు చిన్న బీట పడగానే నీరూ సన్నని ఇసుకా లోపలికి చేరతాయి. గ్రీజు తెల్లబడి పలచనవుతుంది, గుండు మీద తుప్పు చుక్కలు లేస్తాయి, ఆ గరుకు గుండు తిరిగిన ప్రతిసారీ ప్లాస్టిక్ పొరను ఆకురాయిలా గీకుతుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీరప్రాంతాల్లో తిరిగే బళ్లకు ఉప్పుగాలి కూడా తోడవుతుంది కాబట్టి ఆర్మ్ కన్నం చుట్టూ తుప్పు గట్టిపడి, పాత జాయింట్ తీయడమే కష్టమవుతుంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తరువాత నీళ్లలో నిలిచిన బళ్లు పనికి వచ్చినప్పుడు, పైకి బాగానే కనిపించిన బూట్లలో నుంచి కూడా నొక్కితే నీళ్లు కారాయి. వరద నీటిలో నిలిచిన బండికి ఇంజన్ ఆయిల్ మార్చడంతో ఊరుకోకుండా ఈ బూట్లు కూడా చూపించుకోవాలి.

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ రోడ్డు తరచుగా ఎక్కి దిగేవారు ఏడాదికి రెండుసార్లయినా ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది, ఎందుకంటే మలుపు మలుపుకీ బ్రేకు వేస్తూ దిగేటప్పుడు ఆ బలమంతా చక్రం నుంచి ఈ జాయింట్ గుండానే ఆర్మ్‌లోకి పోతుంది.

ఆర్మ్ మొత్తం మార్చాలా, జాయింట్ ఒక్కటి మారిస్తే చాలా?

అది జాయింట్ ఆర్మ్‌కు ఎలా బిగిసి ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని బళ్లలో జాయింటును రెండు లేదా మూడు బోల్టులతో గానీ రివెట్లతో గానీ బిగిస్తారు. కొన్నింటిలో ఆర్మ్ కన్నంలోకి ప్రెస్‌తో నొక్కి, చాలాసార్లు పైన సర్క్లిప్ (గాడిలో కూర్చునే ఉక్కు రింగు) వేస్తారు. మరికొన్నింటిలో ఆర్మ్ చివరనే గిన్నెగా మలిచి గుండును అందులోనే మూసేస్తారు. ఈ మూడో రకానికి కంపెనీ లెక్కలో విడి జాయింట్ ఉండదు, ఆర్మ్ మొత్తం మార్చాల్సిందే. అటువంటి ఆర్మ్‌లను కోసి, అరిగిన గిన్నెలో కరిగిన ప్లాస్టిక్ నింపి మళ్లీ మూసి ఇచ్చేవారు ఉన్నారు. ధర తక్కువే అయినా, లోపల తుప్పు తిన్న గుండు అలాగే ఉంటుంది కాబట్టి ఆ పనిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ప్రెస్ రకమైతే ముందు బుష్‌లను చూడాలి. బుష్ రబ్బరు పగిలి, ఆర్మ్ కూడా వంగి ఉంటే జాయింట్ మార్పు, రెండు బుష్‌ల మార్పు, కూలీ కలిపి దాదాపు కొత్త ఆర్మ్ ధరకు వచ్చేస్తుంది. అప్పుడు మంచి రకం ఆర్మ్ మొత్తం వేయడమే లాభం. బుష్‌లు గట్టిగా ఉండి ఆర్మ్ నిటారుగా ఉంటే జాయింట్ ఒక్కటి చాలు.

ఈ పనికి ఏ పనిముట్లు కావాలి?

హైడ్రాలిక్ ప్రెస్ కావాలి, మామూలు కార్ల ఆర్మ్‌లకు 10 టన్నులది సరిపోతుంది. దానితోపాటు రకరకాల కొలతల్లో ఉక్కు కప్పులు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పి బిగించామో చూపే రెంచ్), జాయింట్ పుల్లర్, సర్క్లిప్ ప్లయర్, వర్నియర్ (వ్యాసం కొలిచే పరికరం) ఉండాలి. కప్పులు దొరకకపోతే లేత్ పనివారి దగ్గర మందపాటి పైపు ముక్కలను రెండు చివరలూ సమంగా కోయించుకోవచ్చు. చివరలు వంకరగా ఉన్న పైపు ముక్క మాత్రం వాడకూడదు.

ఆర్మ్‌ను బండి నుంచి ఎలా విప్పాలి?

చక్రం విప్పి, స్టాండు గట్టిగా ఉందో లేదో తోసి చూసుకున్న తరువాతే చేయి లోపల పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద పడుకోవడం మా షెడ్డులో ఎవరికీ అనుమతి లేని పని.

జాయింట్ కాడ నకిల్‌లో రెండు రకాలుగా బిగుస్తుంది. టేపర్ (చివరికి సన్నబడే కాడ) రకమైతే నట్టును మొత్తం తీసేయకుండా నాలుగు చుట్లు వదులు చేసి, పుల్లరుతో లాగాలి. ఆ నట్టు ఉండడం వల్ల టేపర్ ఒక్కసారిగా ఊడినప్పుడు ఆర్మ్ కిందికి ఎగిరిపడదు. పుల్లరు లేనిచోట నకిల్ కన్నం పక్కన ఉండే మందపాటి ఇనుము మీద సుత్తితో ఒకటి రెండు గట్టి దెబ్బలు కొడితే టేపర్ వదులుతుంది. కాడ మర మీద మాత్రం కొట్టకూడదు. జాయింట్ ఎలాగూ పారేసేదే కదా అనుకుని అక్కడ కొడితే మర ఉబ్బిపోయి నట్టు బయటికి రాదు.

పించ్ బోల్టు (చీలిక ఉన్న నకిల్ చెవిని కాడ చుట్టూ నొక్కి బిగించే బోల్టు) రకమైతే బోల్టును పూర్తిగా తీసి, నకిల్ చీలికను ఉలితో కొద్దిగా, అతి కొద్దిగా తెరవాలి. ఎక్కువ తెరిస్తే ఆ చెవి పగుళ్లు తీస్తుంది. కాడ ఊడిన తరువాత నకిల్‌ను బయటికి గుంజి వదిలేయకూడదు. దాని బరువుకు బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ సాగిపోతాయి, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ కూడా ఊడి రావచ్చు. తీగతో పైకి కట్టి ఉంచాలి.

పాత జాయింటును ఆర్మ్‌లో నుంచి ఎలా తీయాలి?

ముందుగా సర్క్లిప్ తీయాలి. తుప్పులో కూరుకుపోయి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి, ఒక పూట వదిలేయడం ఓపిక గల పద్ధతి. తరువాత జాయింట్ ఒంటికి కాలరు (చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన అంచు) ఏ వైపు ఉందో చూడాలి. కాలరు ఉన్న వైపుకే జాయింట్ బయటికి రావాలి కాబట్టి దానికి ఎదురువైపు నుంచి నొక్కాలి. ఈ చిన్న విషయం చూసుకోకుండా ప్రెస్ కొడితే ఆర్మ్ కన్నం చిరుగుతుంది.

కన్నం అంచును చుట్టూ ఆనుకునే కప్పును కింద పెట్టి, ఆర్మ్‌ను సమంగా నిలిపి నొక్కాలి. రేకుతో చేసిన ఆర్మ్ అయితే కప్పు అంచు తప్పి పక్కకు ఆనిందంటే రేకు పళ్లెంలా వంగిపోతుంది. ఫట్‌మని శబ్దం వచ్చి జాయింట్ కదలడం మొదలవుతుంది. ఆ శబ్దానికి కంగారుపడనక్కరలేదు, తుప్పు పట్టు వదిలిందన్నమాట. ముఖానికి అద్దాలు మాత్రం ఉండాలి.

కొత్త జాయింట్ ఎక్కించే సరైన పద్ధతి ఏమిటి?

జాయింటును ఆర్మ్‌లో పట్టి ఉంచేది జిగురూ కాదు, వెల్డింగూ కాదు, బిగువు ఒక్కటే. జాయింట్ వ్యాసం కన్నం వ్యాసం కంటే రవ్వంత ఎక్కువ ఉంటుంది, ఆ తేడా సుమారు ఒక వెంట్రుక మందమంత. అందువల్ల కన్నాన్ని ఎలా శుభ్రం చేశామన్నదీ, బలాన్ని ఎక్కడ ప్రయోగించామన్నదీ ఈ పని మంచిచెడ్డలను తేలుస్తాయి.

కన్నంలోని తుప్పును సన్నని ఎమరీ పేపరుతో గుండ్రంగా తిప్పుతూ తుడవాలి, ఆకురాయితో రాయకూడదు. లోహం కనిపించాక గుడ్డతో తుడిచి, వేలు లోపల తిప్పి చూడాలి. గాడి గానీ బీట గానీ తగిలితే ఆ ఆర్మ్ పనికిరాదు. వర్నియర్‌తో కన్నాన్ని అడ్డంగా, నిలువుగా రెండుచోట్ల కొలవాలి, కొలతలు తేడా వస్తే కన్నం కోలగా సాగిందని అర్థం.

కొత్త జాయింటును పెట్టెలోంచి తీసి పాతదాని పక్కన నిలబెట్టి ఎత్తు, వ్యాసం, కాడ పొడవు, టేపర్ సరిచూసుకోవాలి. ఒకే పేరుతో అమ్మే బండికి సంవత్సరం మారితే జాయింట్ మారవచ్చు. కొన్ని జాయింట్ల మీద దిశ చూపే గుర్తు ఉంటుంది, దాన్ని ఆర్మ్ మీది గుర్తుతో కలపాలి.

ఆ తరువాత జాయింటును చేత్తో కన్నం మీద నిటారుగా నిలిపి, కాలరును మాత్రమే తాకే కప్పుతో నొక్కాలి. నొక్కే బలం కాలరు మీద గానీ ఒంటి బయటి అంచు మీద గానీ పడాలి తప్ప కాడ మీద, అడుగు మూత మీద ఎన్నడూ పడకూడదు. పని నేర్చుకున్న తొలి రోజుల్లో నేను ఒక జాయింటును అడుగు మూత మీద నొక్కి ఎక్కించాను. కొత్తది కాబట్టి గట్టిగా ఉందనుకున్నాను. మూత లోపలికి ఏమాత్రం నొక్కుకుపోయినట్టు కంటికి కనిపించలేదు, కానీ రెండు నెలల్లో ఆ బండి తిరిగి వచ్చింది, మలుపు తిరిగిన తరువాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు. విప్పి చూస్తే గుండు గిన్నెలో బిగుసుకుపోయి, ప్లాస్టిక్ పొర ఒకవైపు నలిగిపోయి ఉంది. రెండోసారి జాయింటుకీ కూలీకీ యజమాని దగ్గర పైసా తీసుకోలేదు. ఆనాటి నుంచి ఎక్కించిన ప్రతి జాయింట్ కాడనూ చేత్తో పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూస్తాను. తిప్పినప్పుడు అది మెత్తగా, ఒకే బరువుతో కదలాలి, ఎక్కడా పట్టేయకూడదు.

మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు దిగగానే ప్రెస్ ఆపి, జాయింట్ నిటారుగా దిగుతోందో లేదో నాలుగు వైపులా చూడాలి. ఒరిగితే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి, ఒరిగిన దాన్ని బలంతో నిటారు చేయకూడదు. కాలరు ఆర్మ్‌కు ఆనుకోగానే ప్రెస్ గేజీ ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది, అక్కడే ఆపాలి. కాలరుకూ ఆర్మ్‌కూ మధ్య 0.05 మిల్లీమీటరు ఫీలర్ గేజీ (సందు కొలిచే సన్నని రేకు) ఎక్కడా దూరకూడదు. సర్క్లిప్ వేసేటప్పుడు దాని రెండు ముఖాలను వేలితో తడిమి చూస్తే ఒక అంచు గుండ్రంగానూ మరొకటి పదునుగానూ తగులుతాయి. పదునైన అంచు జాయింట్ వైపు కాకుండా బయటి వైపు ఉండాలి. వేశాక క్లిప్‌ను చుట్టూ తిప్పి చూస్తే గాడిలో పూర్తిగా కూర్చున్నదీ లేనిదీ తెలుస్తుంది.

జాయింటును ఫ్రిజ్‌లో పెట్టి, ఆర్మ్‌ను గ్యాస్ మంటతో వేడి చేస్తే సులువుగా దిగుతుందా?

40 మిల్లీమీటర్ల ఉక్కు జాయింట్ 45 డిగ్రీలు చల్లబడితే తగ్గేది సుమారు 0.02 మిల్లీమీటరు మాత్రమే. కాబట్టి ఫ్రిజ్ వల్ల కొంచెం సాయం ఉంటుంది తప్ప ప్రెస్ అవసరం తప్పదు. పైన చేరిన తేమను తుడవకుండా ఎక్కిస్తే లోపల తుప్పుకు మనమే విత్తనం వేసినట్టు. మంట మాత్రం వద్దు. వేడికి అల్యూమినియం ఆర్మ్ తన గట్టిదనాన్ని కోల్పోతుంది, ఉక్కు ఆర్మ్ మీద రంగు కాలి తుప్పు మొదలవుతుంది, పక్కనున్న బుష్ రబ్బరు పాడవుతుంది.

జాయింట్ వదులుగా దిగింది. నాలుగు చోట్ల వెల్డింగ్ చుక్కలు పెడితే సరిపోతుందా?

సరిపోదు, అది ప్రాణాంతకమైన పని. ఈ ప్రశ్న వినిపించినప్పుడల్లా పని ఆపి మరీ చెబుతాను. వెల్డింగ్ వేడి కొన్ని సెకన్లలోనే గిన్నె లోపలి ప్లాస్టిక్ పొరను చేరి కరిగిస్తుంది, గ్రీజును మాడుస్తుంది, వెల్డింగ్ పక్కన ఉక్కు పెళుసుబారుతుంది. వేరే చోట ఇలా చుక్కలు పెట్టించుకుని వచ్చిన ఒక బండి జాయింటును కోసి చూశాం. గుండు చుట్టూ తెల్లగా ఉండాల్సిన పొర గోధుమ రంగుకు తిరిగి పెచ్చులుగా రాలింది, గ్రీజు బొగ్గుపొడిలా ఉంది. ఆ బండి యజమాని పిల్లలను రోజూ అందులోనే బడికి దింపుతున్నారు. పైకి చూస్తే వెల్డింగ్ ఎంతో బలంగా కనిపిస్తుంది, యజమానికి అనుమానం రాదు.

కన్నం సాగిపోయిన ఆర్మ్‌కు మందు ఒక్కటే, కొత్త ఆర్మ్. రేకు చుట్టి ఎక్కించడం, కన్నం అంచును ఉలితో కొట్టి బిగించడం కూడా వెల్డింగ్ కంటే ఏ మాత్రం మేలైనవి కావు.

రివెట్లతో ఉన్న జాయింటును మార్చాలంటే?

రివెట్ తల మధ్యలో పంచ్ కొట్టి, చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి పెద్ద డ్రిల్లుతో తల ఎగరగొట్టి, మిగిలిన దాన్ని కొట్టి తీయాలి. ఆర్మ్ కన్నాలు పెద్దవి కాకుండా చూసుకోవాలి. కొత్త జాయింటుతో వచ్చే బోల్టులనే వాడాలి. డబ్బాలో దొరికిన బోల్టు వేయడం తప్పు, దాని తల మీద 8.8 అనో 10.9 అనో బలం అంకె ఉందో లేదో కూడా చాలామంది చూడరు.

బిగించేటప్పుడు ఏవి గుర్తుంచుకోవాలి?

టేపర్ కాడను, నకిల్ కన్నాన్ని పొడిగా తుడవాలి, అక్కడ నూనె గానీ గ్రీజు గానీ రాయకూడదు. నట్టును ఆ బండి సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించాలి. పాత రెంచ్‌ల మీద కిలోగ్రామ్-మీటరు (kgf-m) లెక్క ఉంటే, 9.8 న్యూటన్ మీటర్లు ఒక కిలోగ్రామ్-మీటరు అని మార్చుకోవాలి. క్యాజిల్ నట్ (పైన గాడులుండే నట్టు) గాడి, కాడ కన్నం ఎదురుపడకపోతే నట్టును ఇంకొంచెం ముందుకే బిగించి పిన్ను దూర్చాలి, వెనక్కి తిప్పి వదులు చేయకూడదు. స్ప్లిట్ పిన్ను, నైలాన్ నట్ ఎప్పుడూ కొత్తవే వేయాలి. పించ్ బోల్టు రకంలో బోల్టు కాడ గాడి గుండా సులువుగా దూరాలి. దూరకపోతే కాడ పూర్తిగా పైకి వెళ్లలేదని అర్థం. అటువంటప్పుడు సుత్తితో బోల్టును దించితే గాడి చెడిపోతుంది.

చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటుంది. ఆర్మ్ బుష్‌ల బోల్టులను చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి కిందికి దిగగానే బుష్ రబ్బరు మెలిపడి, రోజంతా ఆ మెలికలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. బండిని నేల మీద నిలబెట్టి, బరువు చక్రాల మీద పడిన తరువాతే చివరి బిగింపు వేయాలి.

కొత్త జాయింటుకు గ్రీజు పెట్టాలా?

నిపుల్ (గ్రీజు కొట్టే చిన్న మూతి) లేని జాయింట్లకు కంపెనీయే గ్రీజు నింపి మూస్తుంది, అవసరం లేదు. నిపుల్ ఉంటే బూటు కొంచెం ఉబ్బేంత వరకే గన్ కొట్టాలి, అతిగా కొడితే బూటు అంచు లేచి నీటికి దారి ఇస్తుంది.

ఒకవైపు పాడైతే రెండు వైపులా మార్చాలా?

తప్పనిసరి కాదు. రెండోవైపు కూడా పైన చెప్పిన పరీక్ష చేసి, బూటు నిండుగా ఉండి ఆట లేకపోతే వదిలేయవచ్చు. మా వంతు లాభం కోసం మంచి జాయింటును పీకడం నాకు ఇష్టం ఉండదు.

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పనిసరా?

తప్పనిసరి. జాయింట్ స్థానం వెంట్రుకవాసి మారినా చక్రం కోణం మారుతుంది. టైరు ఒకవైపు అరిగిపోయాక చేయించే అలైన్‌మెంట్ వల్ల ఆ టైరు తిరిగి రాదు.

మార్చిన తరువాత కూడా మోత వస్తోంది, ఎందుకు?

“ఏటి బాబూ, కొత్తది ఏసారు కదా, మళ్లీ అదే మోతేటి?” అని శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. పించ్ బోల్టు వదులుగా ఉండిపోవడం, స్టెబిలైజర్ లింకు అప్పటికే అరిగి ఉండడం, బుష్ బోల్టు చివరి బిగింపు మరచిపోవడం, ఈ మూడింటిలో ఒకటి తరచుగా కారణమవుతుంది. ఆయన బండిలో లింకు. అందుకే మార్చిన తరువాత 100 కిలోమీటర్లు తిరిగి వచ్చి బిగింపులు ఒకసారి చూపించుకోమని అందరికీ చెబుతాను. దానికి కూలీ తీసుకోము.

ఆట ఉన్నా కొన్నాళ్లు నడపవచ్చా?

బూటు మాత్రమే చిరిగి ఆట లేకపోతే, వీలు చూసుకుని కొన్ని రోజుల్లో పని చేయించుకోవచ్చు. చేతికి తెలిసేంత ఆట ఉంటే మాత్రం జాతీయ రహదారి మీదికి వెళ్లకూడదు. గుండు గిన్నెలోంచి ఊడి వస్తే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మాట వినదు, పక్కకు వాలిన చక్రం బ్రేకు గొట్టాన్ని తెంపవచ్చు. ఊళ్లోనే షెడ్డు ఉంటే నెమ్మదిగా అక్కడికి తీసుకెళ్లాలి. దూరమైతే బండిని లాగించుకు రావడమే సరైన పని.

ఇంటి దగ్గర సొంతంగా చేసుకోవచ్చా?

బోల్టు రకం జాయింటును పనిముట్లు, స్టాండ్లు, టార్క్ రెంచ్ ఉన్నవారు ఓపికగా చేసుకోగలరు. ప్రెస్ రకమైతే ఆర్మ్ విప్పడం, తిరిగి బిగించడం ఇంట్లో చేసుకుని, నొక్కే పనికి మాత్రం ప్రెస్ ఉన్న షెడ్డుకు గానీ లేత్ దుకాణానికి గానీ తీసుకెళ్లాలి. అక్కడ నొక్కేవారు బుష్‌లు, బేరింగులు నొక్కడం అలవాటున్నవారే అయినా, కప్పు కాలరు మీద ఆనిందో లేదో పక్కన నిలబడి చూసుకోండి, ఆర్మ్ చేతికి రాగానే కాడను నాలుగు వైపులా తిప్పి చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి.